చిరివేరు ఎరుపు, నత్త నీలం

పెడనలో అద్దకం చూడ్డానికి మొదటిసారి వెళ్లినవారు ఒకచోట తికమకపడతారు. కరక్కాయ కషాయంలో, గేదెపాలలో నాని ఎండిన గుడ్డ బల్ల మీద పరిచి ఉంటుంది. పనివాడు అచ్చును ముంచి కొడుతూ పోతాడు. ఇనుప తుప్పూ బెల్లమూ కలిపి పులియబెట్టిన కసీం అద్దితే నల్లటి గీత వెంటనే తేలుతుంది. ఎరుపు రావలసిన చోట అద్దేది మాత్రం పటిక నీళ్లు. దానికి సొంత రంగంటూ లేదు. ఆ గుడ్డను కాలవలో జాడించి, డేగిశాలో ఎర్రరంగుతో ఉడికించినప్పుడు పటిక తగిలిన గీతలే ఎర్రబడతాయి. తగలని చోట అంటిన రంగు ఎండకూ నీటికీ వెలిసిపోతుంది. అందుకే అద్దకం పనివారి లెక్కలో ఎరుపు ఒక వస్తువు. పటిక, వేరు, నీరు, నిప్పు కుదిరితేనే అది పుడుతుంది.

పెడనలోనూ, పక్కనున్న బందరులోనూ ఆదివారం పూట చర్చిల్లో చదివే నిర్గమకాండంలో రంగుల మాట పదేపదే వస్తుంది. ప్రత్యక్షపు గుడారం తెరలకు, పరిశుద్ధ స్థలానికి కట్టిన అడ్డతెరకు, ప్రధాన యాజకుడు అహరోను తొడిగిన ఏఫోదు అనే పైవస్త్రానికి, అతని నిలువుటంగీ అంచున వేలాడే దానిమ్మ కాయలకు అవే మూడు రంగులు. నీలం, ధూమ్రం, రక్తవర్ణం. వాటి పక్కన తెల్లటి సన్నపు నార. తెలుగు పాఠకుడు వీటిని రంగుల పేర్లుగానే చదువుకుని ముందుకు సాగిపోతాడు. హెబ్రీ మూలంలో అవి అద్దకందారుడి సరుకుల పేర్లు. తెఖేలెత్ అంటే ఒక సముద్రపు నత్త నుంచి తీసిన నీలం వేసిన ఉన్ని. అర్గామాన్ కూడా నత్తల నుంచే వచ్చే ఊదా ఉన్ని. తోలాయత్ షాని అనే మాటలో తోలా అంటే పురుగు. ఇశ్రాయేలీయుల గుడారంలో రంగుకు అర్థం ఛాయ నుంచి రాలేదు, ఏ ప్రాణి నుంచి, ఎంత శ్రమతో వచ్చిందన్న దాన్నుంచి వచ్చింది. దీన్ని అందరికంటే తేలిగ్గా అర్థం చేసుకోగలిగింది అద్దకం పనివారే.

ధూమ్రం అన్న అనువాదం దగ్గర ఒక్క క్షణం ఆగాలి. పొగరంగు తెర ఏమిటని కొందరికి అనిపిస్తుంది. అమరకోశం వల్లె వేసిన పాతకాలపు పండితుడికి ఆ సందేహం రాదు. అందులో ధూమ్రమంటే నలుపు కలిసిన ఎరుపు. కృష్ణా డెల్టా పల్లెల్లో నేరేడుపండు రంగనో వంకాయ రంగనో అంటారు, అదే. కొత్త నిబంధనకు వచ్చేసరికి అదే రంగు ఊదా అయింది. సైనికులు యేసును ఎగతాళి చేస్తూ తొడిగిన వస్త్రం ఊదా. ఫిలిప్పీ పట్టణంలో పౌలు మాటలు విన్న లూదియ అమ్మేదీ ఊదాయే. ఆమె ఊరు తుయతైర. అక్కడి ఊదా నత్త సరుకు కాదనీ, మంజిష్ఠ జాతి వేరుతో వేసిన చవక రకమనీ చాలామంది పండితుల అభిప్రాయం. మంజిష్ఠ, మన తీరంలో ఎర్రరంగుకు వాడిన చిరివేరు ఒకే వృక్ష కుటుంబానివి. అంటే యూరపులో పేరు తెలిసిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఒకరు బందరు వర్తకుల సాటి మనిషి.

నత్తల సంగతి విస్తారమైనది. మధ్యధరా సముద్రపు నత్త ఒంట్లోని చిన్న గ్రంథిలో రంగులేని ద్రవం ఉంటుంది. గాలి తగిలితే పసుపు, ఆకుపచ్చ దాటి ఊదాకు తిరుగుతుంది. 1909లో ఫ్రీడ్‌లెండర్ అనే రసాయన శాస్త్రవేత్త 12,000 నత్తలు చితకగొడితే వచ్చిన రంగు 1.4 గ్రాములు! రాజులూ ధనవంతులూ తప్ప మరొకరు తొడగలేకపోయారంటే ఆశ్చర్యమేముంది? ఇశ్రాయేలు దక్షిణాన తిమ్నా రాగి గనుల దగ్గర దొరికిన ఊదా ఉన్ని పోగులు క్రీ.పూ. 1000 ప్రాంతానివని 2021లో పరిశోధకులు ప్రకటించారు. దావీదు, సొలొమోనుల కాలం అదే.

ఊదా రాజులదైతే, నీలం మాత్రం ప్రతి మగవాడికీ దక్కింది. వస్త్రం అంచుల కుచ్చుల్లో ఒక్క నీలి పోగు ఉండాలని సంఖ్యాకాండం ఆజ్ఞ. బీదవాడి అంగీకి కూడా ప్రధాన యాజకుడి నిలువుటంగీలోని రంగే ఒక పోగంత. ఈ నీలం సముద్రంలా ఉంటుంది, సముద్రం ఆకాశంలా, ఆకాశం దేవుని సింహాసనంలా ఉంటుందని యూదు గురువు రబ్బీ మేయిర్ పోల్చినట్టు వారి ధర్మవ్యాఖ్యల గ్రంథం తల్మూదు చెబుతుంది. జెబూలూను గోత్రానికి ఇసుకలో దాగిన ధనం దొరుకుతుందని మోషే దీవించాడు గదా, ఆ ధనం ఈ నత్తేనని కూడా రబ్బీలు వ్యాఖ్యానించారు.

అంత విలువైన సరుకుకు నకిలీ రాకుండా ఉండదు. రబ్బీలు పేరుపెట్టి మరీ హెచ్చరించిన ఆ దొంగ నీలం ఒక మొక్క నుంచి వచ్చేది, మన నీలిమందే. కంటికి రెండూ ఒకటే. కంటికి ఒకటైనా నీలిమందు కుచ్చు చెల్లదని వారి తీర్పు, ఎందుకంటే ఆజ్ఞ ఛాయ గురించి కాదు, ఆ ప్రాణి గురించి. 7వ శతాబ్ది తర్వాత నత్త నీలం తయారీ మరుగున పడిపోయింది, యూదులు చాలాచోట్ల కుచ్చులు తెల్లగానే వదిలేశారు. తర్వాత ఇశ్రాయేలుకు ప్రధాన రబ్బీ అయిన ఐజాక్ హెర్జోగ్ 1913లో దీని మీద సిద్ధాంత గ్రంథం రాశాడు. 1980లలో ఒట్టో ఎల్స్‌నర్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక విశేషం గమనించాడు. తొట్టిలోని నత్త ద్రావణానికి ఎండ తగిలితే అందులోని బ్రోమిన్ విడిపోయి ఊదా కాస్తా నీలమవుతుంది. అలా తేలిన నీలం అణువు అచ్చంగా నీలిమందు అణువే. పవిత్రమైనదీ నకిలీదీ రసాయన శాస్త్రం దృష్టిలో ఒకటే అయ్యాయి. రబ్బీల తీర్పు మాత్రం మారలేదు, మారనక్కర్లేదు కూడా.

మూడో రంగు పురుగుది. సిందూర జాతి చెట్లను పట్టి బతికే చిన్న పురుగులను ఎండబెట్టి నూరి ఆ ఎరుపు తీసేవారు. సంస్కృతంలో క్రిమి, పారసీకంలో కిర్మ్ అంటే పురుగే. అరబ్బీలో కిర్మిజ్, తెలుగులో కిరమంజి ఆ పురుగు పేరు మోస్తున్న రంగులు. యెరికోలో రాహాబు కిటికీకి కట్టిన తొగరు దారం ఇదే, ఎర్ర ఆవును దహించేటప్పుడు మంటలో వేసేదీ ఇదే. 22వ కీర్తనలో బాధితుడు తనను తాను పురుగుతో పోల్చుకున్నచోట కూడా తోలా అన్న మాటే ఉంది. ఆ కీర్తనను సిలువ దగ్గర తలుచుకునే క్రైస్తవులు చితికి ఎర్రరంగు ఇచ్చే ఆ పురుగును కూడా తలుచుకోవడంలో గొప్ప న్యాయముంది.

ఇక డెల్టా ఎరుపు. చిరివేరు సన్నటి చిన్న మొక్క, వేరు మాత్రం పొడవు. కృష్ణా ముఖద్వారానికి అటూ ఇటూ, దివిసీమ వైపూ నిజాంపట్నం వైపూ, ఇసుక నేలల్లో దొరికే వేరుకు 17వ శతాబ్దిలో ఎంతో పేరు. ఆ ఇసుకలో గవ్వలూ గుల్లలూ నలిగి సున్నం ఎక్కువగా ఉండడమే ఎరుపు గాఢతకు కారణమని వస్త్ర చరిత్రకారులు అంటారు. జెబూలూను ఇసుకలో నత్త, దివి ఇసుకలో వేరు. సముద్రపు గుల్ల రెండుచోట్లా రంగుకు తోడుంది.

ఈ తీరపు గుడ్డకు బైబిలు లోకంతో పరిచయం చర్చిల కంటే చాలా పాతది. ఎస్తేరు గ్రంథం మొదట్లో రాజుగారి విందు మంటపంలో కట్టిన తెరలకు వాడిన కర్పాస్ అనే మాట సంస్కృత కార్పాసమే, అంటే పత్తి. 1వ శతాబ్ది నాటి గ్రీకు నావికుడి పెరిప్లస్ గ్రంథం మసాలియా ప్రాంతంలో సన్నబట్ట విస్తారంగా నేస్తారని చెప్పింది. 2వ శతాబ్దిలో టాలెమీ రాసుకున్న కొంటకొస్సిల రేవు చల్లపల్లి దగ్గరి ఘంటసాల అని చరిత్రకారుల నిర్ణయం. 4వ శతాబ్ది చివర జెరోమ్ బైబిలును లాటిన్‌లోకి తెస్తూ యోబు 28వ అధ్యాయంలో ఒక చిత్రం చేశాడు. జ్ఞానానికి ఓఫీరు బంగారం సాటిరాదని హెబ్రీలో ఉన్నచోట, భారతదేశపు అద్దకం రంగులు సాటిరావని రాశాడు. ఉతికినా పోని రంగంటే రోమీయులకు మన దేశమే గుర్తొచ్చేదేమో. వెయ్యేళ్లకు పైగా పడమటి చర్చిల్లో చదివిన యోబు గ్రంథంలో మన అద్దకందారుల పనితనం ఆ ఒక్క మాటలో నిలిచిపోయింది.

డచ్చివారు 1606 ప్రాంతంలో, ఇంగ్లీషువారు 1611లో బందరులో దిగింది ఈ గుడ్డ కోసమే. వాళ్లతోపాటు ఆర్మేనియా వర్తకులూ ఉన్నారు. ఆర్మేనియన్ చర్చిలో బలిపీఠం ముందు పెద్ద తెర ఉంటుంది, పునరుత్థాన పండుగకు ముందటి శ్రమల దినాల్లో దాన్ని మూసే ఉంచుతారు. యెరూషలేము దేవాలయపు అడ్డతెరను తలపించే తెర అది. 18వ శతాబ్దిలో ఆ వర్తకులు తమ చర్చిలకు అలాంటి తెరలను కోరమాండల్ తీరంలో కలంకారీతో రాయించుకున్నారు. పురుగు ఎరుపు ఉండాల్సిన తెర మీదికి చిరివేరు ఎరుపు ఎక్కింది. తల్మూదు తోసిపుచ్చిన నీలిమందు కూడా వాటి మీద నిస్సంకోచంగా మెరిసింది. 1742లో కెర్డూ అనే ఫ్రెంచి జెసూట్ పాదిరి ఈ అద్దకం రహస్యాన్ని ఫ్రాన్సుకు ఉత్తరంగా రాసి పంపాడు. ఆయనకు ఆ వివరాలు చెప్పింది కొత్తగా క్రైస్తవంలో చేరిన అద్దకం పనివారు. తెలుగు నేర్చి నిఘంటువు కూర్చిన పాదిరి ఆయన, భాషకు చేసిన మేలు మరువరానిది. కానీ ఆ ఉత్తరం యూరపు కార్ఖానాలకు దారి చూపిన కాగితాల్లో ఒకటి. నమ్మకంతో చెప్పిన మాట చివరికి చెప్పినవారి కూటికే ఎసరు పెట్టింది. 1868లో జర్మనీలో కృత్రిమ అలిజరిన్ తయారైంది, 1897లో కృత్రిమ నీలిమందు బజారులోకి వచ్చింది. చిరివేరు తవ్వేవారు చెదిరిపోయారు.

ఇంత రంగుల నేలకు ప్రొటెస్టెంటు మతం వచ్చింది నలుపు తెలుపుల్లో. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ చర్చి మిషనరీ సొసైటీ తరఫున బందరులో దిగారు. 1843లో నోబుల్ బడి తెరిచాడు. ఆ సొసైటీవారికి బలిపీఠం మీద రంగు గుడ్డలంటే రోము వాసన. పాదిరి తెల్లటి సర్‌ప్లిస్‌లో ప్రార్థన నడిపి, నల్లటి గౌనులో ప్రసంగించేవాడు. ఇంగ్లండులో ఈ బట్టల తగవు ఎంత ముదిరిందంటే 1874లో పార్లమెంటు చట్టమే చేసింది, కొందరు పాదిరులు జైలుకూ వెళ్లారు. ఆ తగవులో ఒక పక్షం బందరుకు వచ్చింది. నిర్గమకాండంలో అంత ఇష్టంగా వర్ణించిన రంగులు తెలుగు విశ్వాసి చెవికి చేరాయి కానీ కంటికి చేరలేదు.

తెలుపు మాత్రం ఇంట్లోకి వచ్చింది. తెలుగు క్రైస్తవ పెళ్లికూతురు తెల్లచీర కడుతుంది. విధవరాలి రంగు పెళ్లికేమిటని హిందూ చుట్టాలు ముఖం చిట్లించడం చాలా ఇళ్లలో విన్నదే. నిజానికి తెలుగు పెళ్లికి తెలుపు పరాయిది కాదు. పసుపు అద్దిన అంచుల మధుపర్కాలు తెల్లటి నూలు బట్టలే, తలంబ్రాలు పోసుకునేది వాటిలోనే. తెల్లచీర తెల్లదొరల అనుకరణ అనేసే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మోషే ధర్మశాస్త్రంలోనూ తెలుపుది ఒకే అర్థం కాదు. ప్రాయశ్చిత్త దినాన ప్రధాన యాజకుడు బంగారు పోగుల రంగు బట్టలు విప్పేసి, ఉత్త నారబట్టతో అతిపరిశుద్ధ స్థలంలోకి వెళ్లాలి. అక్కడ తెలుపు అంటే తగ్గింపు. నల్లనివారి దేశమైన కూషు నుంచి వచ్చిన మరదలి విషయంలో తమ్ముడు మోషేను తప్పుపట్టిన మిర్యాముకు తెల్లటి కుష్ఠు వచ్చింది. అక్కడ తెలుపు శిక్ష.

ఈ మిర్యాము కథను డెల్టా సండే స్కూళ్లలో ఇంకా గట్టిగా చెప్పాలి. కారణం మాటల్లేని పుస్తకం. 1866లో లండను ప్రసంగీకుడు స్పర్జన్ నలుపు, ఎరుపు, తెలుపు పుటలతో సువార్త వివరించాడు. 1875లో అమెరికా ప్రసంగీకుడు మూడీ బంగారు పుట చేర్చాడు, పచ్చ పుట తర్వాత వచ్చింది. చదువురాని పిల్లలకు కూడా అందుతుందని ఆ పుస్తకం ప్రపంచమంతా తిరిగింది, సెలవుల బైబిలు బడుల్లో నేటికీ తిరుగుతోంది. అందులో నలుపంటే పాపం. యెషయా మొదటి అధ్యాయంలో పాపం రంగు నలుపు కాదు, పురుగు ఎరుపు. షాని, తోలా అన్న రెండు మాటలూ అక్కడ ఉన్నాయి. ఏ చాకిరేవులోనూ వదలని పక్కా రంగు లాంటిది పాపం, అదీ మంచులా తెల్లబడుతుందని ప్రవక్త భావం. మంచు చూడని పెడన మనిషికి కూడా ఆ పోలిక వెంటనే తగులుతుంది. పరమగీతంలోని యువతి తాను నల్లనిదాన్నని, అందగత్తెనని చెప్పుకుంటుంది. తెలుగులో వర్ణమంటే రంగు, కులానికి పెట్టిన మెట్లూ వర్ణమే. ఆ మెట్ల కింద నలిగి చర్చికి వచ్చిన మాల, మాదిగ కుటుంబాల నల్లటి పిల్లల చేతికి నల్ల పుట ఇచ్చి ఇది పాపమని చెప్పడం లేఖనానికీ న్యాయం కాదు, పిల్లలకూ న్యాయం కాదు.

వాళ్లకు చూపించాల్సిన వాక్యం మరొకటుంది. గుడారం పైకప్పు ఎర్రరంగు వేసిన పొట్టేళ్ల తోళ్లు. తంగేడు చెక్కతో తోలు ఊనిన మాదిగల పని మీద ఊరు ముక్కు మూసుకుంది, ఊరి చివరకు నెట్టింది. ఇశ్రాయేలు దేవుడి గుడారం ఆ పనినే నెత్తిన కప్పుకుంది. యొప్పేలో పేతురు అనేక దినాలు బస చేసిందీ తోళ్లు ఊనే సీమోను ఇంట్లోనే. ఆ మూడు రంగుల్లో బుటాపని చేసిన ఒహోలియాబు పేరు, అతని గోత్రం, తండ్రి పేరుతో సహా గ్రంథంలో ఉన్నాయి. అమరావతి నుంచి గోల్కొండ దాకా మన వైభవాలకు రంగు వేసినవారి పేర్లు ఏ శాసనంలో వెతకాలి?

మిషను చర్చిల్లో బొట్టు చెరిగింది. కుంకుమ ఎరుపు నుదుటి మీద నుంచి పోయింది కానీ ఎరుపు మతంలోంచి పోలేదు. గుడివాడ కేంద్రంగా రక్షణ సైన్యమనే క్రైస్తవ సంస్థకు ఒక డివిజన్ ఉంది. ఆ సైన్యం జెండాలో ఎరుపు క్రీస్తు రక్తానికి, చుట్టూ నీలం అంచు పవిత్రతకు, మధ్య పసుపు నక్షత్రం పరిశుద్ధాత్మ అగ్నికి గుర్తు. 1882లో ఆ సైన్యాన్ని మన దేశానికి తెచ్చిన బూత్ టక్కర్ ఫకీర్ సింగ్ అని పేరు మార్చుకుని కాషాయం కట్టాడు. కతోలికుల నీలం వేరు, అది మరియమ్మది. 1924లో విజయవాడ గుణదలలో నెలకొల్పిన లూర్దు మాత తెల్లటి బట్టలకు నీలి నడికట్టు ఉంటుంది. ఫిబ్రవరి తిరునాళ్లకు దివిసీమ నుంచి కూడా జనం కదిలి వెళ్తారు.

బలిపీఠం గుడ్డకు కాలానికో రంగు అన్న పద్ధతిని 12వ శతాబ్ది చివర, తర్వాత పోపైన మూడవ ఇన్నొసెంట్ వివరించి రాశాడు. తెలుపు, ఎరుపు, నలుపు, వీటికి మధ్యస్థంగా పచ్చ. మన కతోలిక గుళ్లలో ముందు నుంచీ ఉన్న ఈ వరుస 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలోనూ కనిపిస్తుంది. ఆగమన కాలానికీ శ్రమల దినాలకూ నలుపు బదులు ఊదా, క్రిస్మసుకూ పునరుత్థాన పండుగకూ తెలుపు, పెంతెకోస్తుకు ఎరుపు, మిగతా నెలలన్నీ పచ్చ. రోములో ఈ వరుస రాసినవారికి కృష్ణా కాలవలు తెలియవు. అయినా బలిపీఠానికి పచ్చగుడ్డ పరిచే రోజుల్లోనే ఇక్కడ నారుమళ్లు లేస్తాయి, నాట్లు పడతాయి, గుడివాడ నుంచి అవనిగడ్డ దాకా కనుచూపు మేర పచ్చగా ఉంటుంది. నవంబరు చివర చేలు పసుపెక్కి కొడవలి పడేసరికి చర్చిలో గుడ్డ ఊదాకు మారుతుంది.

ఆ పచ్చ నెలల చివర, నవంబరు 2న, సమాధుల పండుగ. 1864లో సరిగ్గా దాని ముందు రాత్రి, నవంబరు 1న, ఉప్పెన వచ్చి బందరులో దాదాపు 30,000 మందిని తీసుకుపోయింది. మిషను బాలికల బడి పిల్లలు కూడా కొట్టుకుపోయారు. 1977 నవంబరు 19 రాత్రి దివిసీమ వంతు, పది వేల పైచిలుకు ప్రాణాలు. డెల్టాలో నవంబరు అంటే నీటి భయం. ఆ నెల మొదట్లో పల్లె పల్లెనా సమాధుల చుట్టూ గడ్డి చెక్కి, ముందు రోజే సున్నం వేస్తారు. పూర్వం ఆ సున్నం ఈ తీరపు గవ్వలనూ గుల్లలనూ బట్టీలో కాల్చి తీసిందే. మునిమాపు వేళకు బంతిపూలు, చామంతులు పరిచి, కొవ్వొత్తులు వెలిగించి, పేరుపేరునా తలుచుకుంటారు. గాలి విసురుగా ఉంటే పిల్లలు అరచేతులు అడ్డుపెట్టి కూర్చుంటారు. తెల్లటి సమాధుల మీద కొవ్వొత్తి వెలుగు ఎర్రగా పడుతుంది.